ఆ చీమల మొగ్గలు

నేను ఏళ్ళ తరబడి మోస్తున్న బరువు తూకానికి రాదు. ఆవగింజలో సగం కూడా ఉండని కొన్ని తునకలు. అవి నా చేతి నుంచి రాలాయి. ఎలా రాలాయో ఆ మాట మాత్రం నేను ఎవరికీ చెప్పలేకపోయాను.

దేవుడు లేడని ఆదోని, ఎమ్మిగనూరు వీధుల్లో మైకు పట్టుకుని అరిచినవాణ్ణి. పాపం కడుక్కోవడానికి తుంగభద్రలో మునిగేవాళ్ళను చూసి నవ్వినవాణ్ణి. కాబట్టి నాకు ఆ నది కూడా లేదు. చదివే మీరున్నారు. క్షమించమని అడగను. వింటే చాలు.

ఆదోనిలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. సాయంత్రాలు సభలు, వాదనలు. ఆ సభల్లో నా బలం ఒక చీమ. మా కొండల్లో బండల సందున ఉండే నల్లచీమ. ఒంటినిండా వేలిముద్రలాంటి సన్నగీతలు. బారులు తీరదు, ఒంటరిగా తిరుగుతుంది. వాన ఎరుగని నేలలో, పుట్ట నోటి చుట్టూ పక్షి ఈకలు పేర్చుకుని, తెల్లవారి వాటిమీద పట్టిన మంచుబొట్టు తాగుతుంది. శాస్త్రంలో దాని ప్రజాతి పేరు డయకమ్మ. వీటిలో పుట్టుకతో రాణి అంటూ ఉండదు. ప్రతి ఆడచీమా, రెక్కలుండవలసిన చోట రెండు చిన్న మొగ్గలతో పుడుతుంది. పెత్తనం చేసే చీమ, కొత్తగా పుట్టిన ప్రతిదాని మొగ్గలనూ కొరికేస్తుంది. మొగ్గలు పోయిన చీమ ఇక జతకట్టదు. పిరికిదైపోతుంది. బతికినన్నాళ్ళూ చాకిరీ చేస్తుంది.

ఎక్కువ తక్కువలు ప్రకృతి పెట్టినవే, చీమల్లో రాణి లేదా అని ఎదుటిపక్షం అడిగినప్పుడల్లా నేను ఈ చీమను బయటికి తీసేవాణ్ణి. పుట్టుకతో ఎవరూ తక్కువ కాదు, కొరికి తక్కువ చేస్తారు అనేవాణ్ణి. చప్పట్లు మోగేవి. ఆ చప్పట్ల కోసమే ఆ మాట దాచి దాచి చివర్లో చెప్పేవాణ్ణేమో. ఇప్పుడు అనిపిస్తోంది.

రత్న అలాంటి సభలో ఆ మాట విని జంతుశాస్త్రం చదివిన పిల్ల. అసలు పేరు రత్న కాదు. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంట పుట్టింది. చదువు ముగించి మా కాలేజీలోనే నా కింద లెక్చరరుగా చేరింది. అన్నా అని పిలిచేది. ఈ చీమలు కొత్త గూటికి దారి చూపేటప్పుడు ఒకటి ముందు నడుస్తుంది, ఒకటి దాన్ని మీసాలతో తాకుతూ వెనక నడుస్తుంది. తాకడం ఆగిందంటే ముందుది నిలబడి ఎదురుచూస్తుంది. అది చూసి రత్న నవ్వేది. "ముందరిది నువ్వు, ఎనకది నేను. తప్పిపోతే నిలబడన్నా, ఉపన్యాసం సెప్పుకుంటా పోవాకు."

ఒక ఏడాది కాలేజీ పిల్లలను తీసుకుని కర్ణాటకలోని మల్నాడు వానఅడవికి పోయింది. పుచ్చిన మాను కింద దొరికిన చీమలను మట్టితో సహా డబ్బాలో తెచ్చింది. చూపుకు మా కొండచీమలే. అవే గీతలు, అదే నడక. కానీ ప్రతిదానికీ మొగ్గలున్నాయి. కొత్తవి పుట్టాయి. వాటినీ ఎవరూ కొరకలేదు. నన్ను పిలిచి భూతద్దం చేతికిచ్చింది. చూశాను.

"ఇది యేరే జాతన్నా. మనం అన్నిటినీ ఒకే పేరుతో పిలుస్తాండాము."

"కొరక్కపోతే అన్నీ సమానంగా ఉండాయా?"

"లేదు. ఒకటే గుడ్లు పెడతాంది. మిగతావాటిని బెదిరించి పెట్టుకుంటాంది."

భూతద్దం బల్లమీద పెట్టేశాను. కొరక్కపోయినా ఎక్కువ తక్కువలున్నాయి. ఎదుటిపక్షానికి ఇంతకన్నా ఏం కావాలి?

"రత్నా, సభలో అన్న మాట ఎనక్కి తీసుకుంటే ఏమంటారో తెల్సా? ఈళ్ళ సైన్సు బస్టాండు గడియారం మాదిరి, పొద్దుకొక మాట సెప్తాదంటారు."

"బస్టాండు గడియారం నిలబడి శానా దినాలాయ గదన్నా. సైన్సన్నా తిరగనీ." నవ్వింది. తర్వాత నవ్వకుండా అంది. "చీమ మనకు సాచ్చికం సెప్పేకి పుట్టలేదు. దాని బతుకు దానిది."

అంతకన్నా మంచి హేతువాదం నేను ఏ వేదిక మీదా వినలేదు. వినీ ఏం చేశాను?

ఆదోని ఎండ వానఅడవి చీమలను బతకనివ్వలేదు. తడిగుడ్డలు కప్పింది, కుండలో పెట్టింది. చచ్చిపోయాయి. చచ్చినవాటిలో బూజు పట్టని కొన్నిటిని ఏరి, కాగితపు మొనల మీద జిగురుతో అంటించి, గుండుసూదులకు గుచ్చి పెట్టెలో పెట్టింది. చీమల వర్గీకరణ తెలిసిన పెద్దాయన ఒకరు బెంగళూరు నుంచి కాలేజీకి వస్తున్నారు. ఆయన అవునంటే ఆమె పని నిలబడుతుంది.

ఆయన వచ్చిన మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయారు. నేను పోలేదు. పెట్టె తెరిచాను. సన్నని పట్టకారు తీసుకుని ఒక్కొక్క చీమ మొగ్గలూ తుంచాను. ఎండినవి కదా, పుటుక్కున వచ్చాయి. నా చేయి వణకలేదు. ఇది రాయకుండా వదిలేయవచ్చు, కానీ అది నిజం. వణకలేదు. తునకలను బల్లమీద నుంచి ఊదేశాను.

పెద్దాయన చూసి మొగ్గలు లేవన్నారు. రత్న పెట్టె మీదికి వంగి చూసింది. "ఉండాయి సార్, నేను సూసినా." నా వైపు తిరిగింది. "అన్నా, నువ్వూ సూసినావు కదా?"

నేను గుర్తు లేదన్నాను. అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. కొత్త చేయి కదా, అంటించేటప్పుడు విరిగి ఉంటాయన్నాను.

ఆమె చేతులు చీర కొంగులో దాచుకుంది. నేను నిలబడి ఎదురుచూడవలసిన సమయం అదే. నడుచుకుంటూ పోయాను.

మళ్ళీ మల్నాడు పోయి తెచ్చుకోవచ్చు కదా అని నాతో నేను వాదించుకున్నాను. వాదించడం నాకు బాగా వచ్చు. ఆమె పోలేదు. కొన్నాళ్ళకు కాలేజీ మాని, ఎమ్మిగనూరులో చిన్నపిల్లల బడిలో చేరింది. అలాంటి చీమలే నీలగిరి వైపూ ఉన్నాయని, అవి మొగ్గలు కొరకవని ఇవాళ ఆ శాస్త్రం చదివిన ఎవరినడిగినా చెబుతారు. ఆ మాట చదివిన రోజు నేను పుస్తకం మూశాను. ఆమె ఇంటికి మాత్రం పోలేదు. సభల్లో ఆ చీమ కథ కూడా మానలేదు. ఎందుకు మానలేదు? నాకే అర్థం కాదు.

పోయిన ఏడు ఎమ్మిగనూరులో ఒక పెళ్ళిలో కలిసింది. తల నెరిసింది. పక్కనున్న పసిపిల్ల వేలిలో తుమ్మముల్లు దిగితే, ఎవరో ఆమె చేతికి సూది ఇచ్చారు. మగ్గం ఇంటి ఆడబిడ్డ, తెగిన పోగును కళ్ళు మూసుకుని అతికే వంశం. చటుక్కున చేతులు వెనక్కి లాక్కుంది.

"నా సేతికి ఇయ్యాకు తల్లీ. నావి ఇరగ్గొట్టే సేతులు." నన్ను చూసి నవ్వింది. "అన్నకు తెల్సు."

నేనూ నవ్వాను. అవునన్నట్టు తలూపాను.

చీమ కొరికితే దానికి ధర్మం తెలియదు. నాకు తెలుసు. తెలిసి తుంచాను, తెలిసి తలూపాను. రెండింటిలో ఏది పెద్ద తప్పో నేను చెప్పలేను.

ఇక్కడ నా పేరు లేదు. అది పిరికితనమే. అయినా ఆమెకు నా పేరు అక్కరలేదు, మొగ్గలన్న మాట చూడగానే తెలుస్తుంది. ఇది అచ్చయితే ఒక ప్రతి తీసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కుతాను. తలుపు తీస్తుందో లేదో. తీయకపోతే అది ఆమె న్యాయం. రాస్తున్న ఈ చేయి మాత్రం కొంచెం తేలికగా ఉంది. ఆ తేలికకు నేను తగను. అయినా ఉంది.

రత్నా, నీ చేతిలో ఏదీ విరగలేదు. మొగ్గలున్నాయి. నేను చూశాను.