ఒడ్డు మీది ఎబెనేజర్

ఎబెనేజర్ కథ చెప్తుంటే పటాన్‌చెరు హైవే మీది లారీ హారన్లు కూడా వినపడేవి కావు. బాయిలర్ హోరులో పాతికేళ్ళు పనిచేసిన మనిషికి మెల్లగా మాట్లాడడం రాదు. షిఫ్టు దిగగానే ఫ్యాక్టరీ గేటు ఎదుటి హోటల్లో చాయ్ సాసర్‌లో పోసుకుని, "ఆ దినం ఏమైందంటే..." అని మొదలుపెట్టేవాడు. చాయ్ మీద మీగడ కట్టేది. తాగడం మరిచిపోయేవాడు.

అతనిది హత్నూర. నేను అదే మందుల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవాణ్ణి. రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కామేశ్వరరావు ఎలక్ట్రీషియన్. ముగ్గురికీ వీక్లీ ఆఫ్ ఒకేరోజు పడేలా సూపర్‌వైజర్‌ను బతిమాలుకుని, రెండు బండ్ల మీద గుట్టలూ వాగులూ పాడుబడ్డ కోటలూ తిరిగేవాళ్ళం.

ఎబెనేజర్ కథల్లో ఎబెనేజర్ ఎప్పుడూ పిరికివాడే. ఎలుగుబంటి అనుకుని చెట్టెక్కితే అది తప్పిపోయిన బర్రె. "నేను పైన, బర్రె కింద. దానికి నేనంటే భయం, నాకు అదంటే భయం. ఆఖరికి కామేశ్వరరావు సారు వచ్చి ఇద్దర్ని ఇంటికి తోలిండు" అనేవాడు.

జనం అడిగి మరీ చెప్పించుకునేది మాత్రం మంజీర కథ. వానాకాలంలో పంక్చర్ షాపు నుంచి లారీ ట్యూబు తెచ్చి ఏట్లో వేశాం.

"నడిమిట్ల ట్యూబు తిరగబడ్డది. కామేశ్వరరావు సారు గోదావరి బిడ్డ గద, ఒక్క చేత్తోని ట్యూబు పట్టుకొని ఏరు చీల్చుకుంట వచ్చిండు. నేనేం జేసిన? ఒడ్డు మీద కూసొని కీర్తన పాడిన. నా పాటకు దడిసే సారు జల్దీ ఒడ్డుకొచ్చిండు."

ఆ గొంతు సంగతి చర్చిలో అందరికీ తెలుసు. రాగం తప్పుతాడని కాయర్‌లో అతన్ని చివరి వరసలోనే నిలబెట్టేవారు.

నిజానికి కామేశ్వరరావుకు ఈత రాదు. ఒడ్డున నిలబడి అరిచింది నేను. ఎబెనేజర్ చొక్కా అయినా విప్పకుండా దూకి, మునిగిపోతున్న మనిషిని జుట్టు పట్టి లాక్కొచ్చాడు. ఎబెనేజర్ భార్య ఎలిజబెత్ తమ్ముడు చిన్నప్పుడే చెరువులో మునిగి చనిపోయాడు. ఎన్నడూ నీళ్ళలో దిగనని పెళ్ళినాడే ఎబెనేజర్ ఆమెకు మాటిచ్చాడు. బట్టలు ఆరేదాకా బండ మీద పడుకుని, "ఇంట్ల చెప్పేటప్పుడు నన్ను ఒడ్డు మీదనే ఉంచుండ్రి" అన్నాడు. కథంతా అక్కడే అల్లాడు. మేమూ అదే చెప్తూ వచ్చాం. కామేశ్వరరావు భార్య కమలాకుమారి ఇరుగుపొరుగుతో మొగుడి ఈత గురించి గొప్పలు కూడా చెప్పుకుంది.

పోయిన నెల ఎబెనేజర్ నిద్రలోనే వెళ్ళిపోయాడు. అతన్ని తలుచుకుని ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడికకు ముందురోజు ఎలిజబెత్ మమ్మల్ని పిలిచింది.

"అన్నా, అందరు ఆయన్ని భయస్తుడు, భయస్తుడు అని నవ్వుతరు. రేపు మీరు సాక్ష్యం చెప్పాలె. ఆయన ధైర్యం చేసిన ముచ్చట ఒక్కటన్న ఉంటది గద?"

అక్కడి నుంచి నేరుగా గేటు ఎదుటి హోటల్‌కే వెళ్ళాం.

"బర్రె కథ చెప్దామా?" అన్నాను.

"ఆవిడ అడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటయ్యా?" అన్నాడు కామేశ్వరరావు.

"మంజీర ముచ్చట చెప్తే ఆమెకు తమ్ముడు యాదికొస్తడు. మొగడు మాట తప్పిండని తెలుస్తది. ఉన్న దుఃఖం చాలదా?" అన్నాను.

కామేశ్వరరావు చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. "నేను బతికున్నాను కదయ్యా. అది వదిలేసి ఇంకేం చెప్పను?" అన్నాడు.

మరునాడు షామియానా కింద పాస్టరు ప్రార్థన ముగించాక కామేశ్వరరావు లేచి నిలబడ్డాడు. "నాకు ఈత రాదండి" అన్నాడు. కమలాకుమారి చప్పున తలెత్తింది. మిగతాదంతా దాచకుండా చెప్పేశాడు.

ఎలిజబెత్ తల దించుకునే విన్నది.

"నీళ్ళల్ల దిగిండా అన్నా?"

"దిగాడమ్మా."

"మరి కీర్తన? అది గూడ అబద్ధమేనా?"

"అది నిజం తల్లీ. నన్ను లాక్కొస్తూ పాడాడు. నోట్లోకి నీళ్ళు పోతున్నా ఆపలేదు."

"రాగం?"

"అక్కడా తప్పాడు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని పక్కనున్నామె వీపు మీద చెయ్యి వేసింది. ఎలిజబెత్ కొంగు తీసింది. నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళున్నాయి.

"దొంగ మనిషి" అన్నది. "నా తమ్మునికి గసుంటి మనిషి దొరకలే" అన్నది.

ఆమె కామేశ్వరరావు వైపు తిరిగింది.

"జెర మళ్ళొకసారి చెప్పన్నా. ట్యూబు తెచ్చిన కాడికెల్లి చెప్పు."

కామేశ్వరరావు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. వెనక వరస దాకా వినపడేలా, ఈసారి గొంతెత్తి మొదలుపెట్టాడు.

"ఆ దినం ఏమైందంటే..."