బంద్ రోజు సెల్లార్‌లో పెట్టిన ప్లేట్లు

దయ్యాల మాటెత్తితే మా అమ్మ ప్రార్థనకు కూర్చోబెట్టేది. బాపట్ల దగ్గర మా ఇంట్లో వాటికి చోటు లేదు. పెద్దయ్యాక నేను చేరిన ఉద్యోగంలో అసలే లేదు. గాలిలో బూజు, బ్యాక్టీరియా ఎంత ఉన్నాయో చూసే పని నాది. కంటికి కనపడనివే, కానీ రెండు రోజులు వెచ్చగా ఉంచితే బయటపడతాయి. అలా బయటపడని దేన్నీ నేను నమ్మలేదు.

ఈ పని ఢిల్లీలో నేర్చుకున్నాను. భూమి కింద ఉండే రైల్వే స్టేషన్లలో జనం కిక్కిరిసిన వేళ, సూక్ష్మజీవులకు మేత పోసిన ప్లేట్ల మూతలు తీసి పెట్టేవాళ్లం. గాలిలోంచి వాటి మీద పడినవి చుక్కలుగా పెరుగుతాయి. మనుషుల ఒంటి నుంచి, నోటి నుంచి వచ్చేవి తెల్లగా, పసుపుగా గుండ్రంగా ఉంటాయి. బూజైతే దూదిలా లేస్తుంది. ఖాళీ స్టేషన్‌లో పెడితే మనుషుల చుక్కలు పెద్దగా రావు.

హైదరాబాద్‌లో అలాంటి స్టేషన్లు లేవు, సెల్లార్లున్నాయి. హైటెక్ సిటీలో పైన అద్దాలు, కింద కార్లు, కార్ల కంటే కింద కిటికీల్లేని గదుల్లో మనుషులు. అలాంటి ఒక గదిలో స్వరూప పాత కాగితాలు స్కాన్ చేసేది. సిద్దిపేట వైపు పిల్ల. ఖాజాగూడలో నా పక్క గదిలో కిరాయికి ఉండేది, నన్ను అక్కా అనేది.

తెలంగాణ ఉద్యమం ఉడుకుతున్న రోజులవి. గోడలు చెమ్మ పట్టి బూజెక్కాయని, అందరూ దగ్గుతున్నారని స్వరూప ఫిర్యాదు చేస్తే, ఉద్యమాన్ని ఆఫీసులోకి తేవద్దన్నాడట మేనేజర్. గాలి కావాలంటే రాష్ట్రం కావాలన్నట్టు వినిపించింది ఆ మహానుభావుడికి.

ఆమె దగ్గు తగ్గలేదు. దవాఖానాలో చేర్చాక ఊపిరితిత్తుల్లో బూజు చేరిందన్నారు. అప్పటికి కంపెనీ గాలి పరీక్షకు ఒప్పుకుంది. పని మా ల్యాబ్‌కే వచ్చింది. మా రంగంలో ఒక అలవాటుంది. రిపోర్టు శుభ్రంగా రావాలనుకునేవాళ్లు సెలవు రోజు పరీక్ష పెట్టిస్తారు. మనుషులు తిరగకపోతే బూజు కూడా గాలిలోకి పెద్దగా లేవదు. ఆ సంగతి ఆమెకు నేనే ఎప్పుడో చెప్పాను.

"మేమందరం కూసున్నప్పుడు పెట్టి సూడుమను అక్కా," అంది మంచం మీంచి. "బంద్ నాడు ఖాళీగ ఉంటది. అప్పుడు పెడితే ఏమొస్తది?"

కంపెనీ బంద్ రోజే ఖాయం చేసింది. ఆ బంద్ రాకముందే స్వరూప చనిపోయింది.

బస్సులు లేక నడిచే వెళ్లాను. కాపలా ఆయన తాళం తీశాడు. ఏసీ ఆపేసి ఉంది. ప్రతి కుర్చీ ముందు ఒక ప్లేటు, గదిలోనే లిఫ్టు పక్క గోడ దగ్గర, ఎవరూ కూర్చోని చోట ఒకటి పెట్టాను. ఒక ప్లేటు మాత్రం మూత తీయకుండా నా దగ్గరే ఉంచుకున్నాను. అందులో ఏదైనా పెరిగితే ప్లేట్లే పాడయ్యాయని తెలుస్తుంది. గదికి తాళం వేయించి, ఉన్న ఒక్క తలుపు ముందే కూర్చుని, తర్వాత మూతలు పెట్టి అన్నీ తెచ్చాను.

రెండు రోజులు వెచ్చగా ఉంచి చూస్తే, మూత తీయని ప్లేటు శుభ్రంగా ఉంది. లిఫ్టు పక్కదీ దాదాపు అంతే. కుర్చీల ముందు పెట్టినవన్నీ తెల్ల, పసుపు చుక్కలతో నిండిపోయాయి. స్వరూప కుర్చీ ముందుదానిలో చుక్కలు ఒక పక్కకే గుంపుగా పడ్డాయి. కొత్తవాళ్లకు పాఠం చెప్పేటప్పుడు ప్లేటు మీద దగ్గమంటాం, సరిగ్గా అలా వస్తుంది. నాకు భయం వేసింది. అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

ఎవరో లోపలికి వెళ్లి ఉంటారన్నారు ల్యాబ్‌లో మా సారు. కాపలా ఆయన్ని అడిగితే, "తాళంచెవి నా జేబులనే ఉండె మేడం, ఎవ్వరు పోలే," అన్నాడు. తలుపు ముందున్నది నేనే, నాకు తెలియదా. తర్వాతి బంద్‌కు నాతోనే మళ్లీ పెట్టించారు. మళ్లీ అదే, ఆ కుర్చీ దగ్గర అదే గుంపు.

సారు ఆ ప్లేట్లన్నీ పారేయించారు. పై అంతస్తు లాబీలో పెట్టిన ప్లేట్లు చూపించి, గాలి బాగుందని రిపోర్టు పంపారు. నేను సంతకం పెట్టనంటే ఇంకెవరో పెట్టారు. స్వరూప కుర్చీలో మరో అమ్మాయిని కూర్చోబెట్టారు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

పాత దుమ్ము అనుకుందామంటే లిఫ్టు పక్క ప్లేటు ఒప్పుకోదు. ప్లేట్లే పాడనుకుందామంటే మూత తీయనిది ఒప్పుకోదు. ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు. గది ఖాళీగా ఉండటం రెండుసార్లూ నేను కళ్లారా చూశాను. ప్లేట్లు మాత్రం స్వరూప అడిగినట్టు, అందరూ కూర్చున్నప్పుడు పెట్టినట్టే వచ్చాయి.