అమ్మ నెత్తురులో దొరికింది

అమ్మకు మొదటి ఎముక విరిగింది పడిపోయి కాదు. తాండూరులో మా పుట్టింట్లో, కాగిన నీళ్ల బకెట్ ఎత్తబోయి నడుము పట్టుకుని కూలబడింది. వెన్నుపూస నలిగిందన్నారు. "అరవై దాటినంక గట్లనే ఉంటది" అన్నాడు కందుల వ్యాపారం చేసే మా నాయన. పెళ్లయి వికారాబాద్‌లో ఉంటున్న నేనూ అదే నమ్మాను. చూస్తుండగానే అమ్మ వంగిపోయింది. చీర కుచ్చిళ్లు నేల మీద ఈడ్చుకుపోయేవి.

ఆ వానాకాలం ఆమె వాకిట్లో జారి పడింది. ఈసారి తుంటి విరిగింది. నేను తాండూరులో రైలు దిగి, ఆమెను చేర్చిన ఆసుపత్రికి పరుగెత్తేసరికి స్ట్రెచర్ మీద ఉంది. ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షలో హెపటైటిస్ సి బయటపడిందట. అంతే, ఆపరేషన్ ఆపేశారు.

"మా దగ్గర కాదమ్మా, వేరే దవాఖానకు తీసుకపోండ్రి" అన్నాడు అక్కడి డాక్టర్.

ఎందుకని అడిగితే కాగితాలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. అమ్మ నీళ్లు తాగిన గ్లాసును ఆయా రెండు వేళ్లతో పట్టుకుని చెత్తబుట్టలో పడేసింది. అమ్మ అది చూసి మొహం గోడకు తిప్పుకుంది.

అంబులెన్సులో వికారాబాద్ బయలుదేరాం. గుంత వచ్చినప్పుడల్లా అమ్మ కేక పెట్టేది. "నన్ను చంపేయుండ్రి, నాతోని కాదు" అని అరిచింది. నాయన ఆమె చెయ్యి వదలకుండా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వికారాబాద్‌లో మొదట వెళ్లిన చోటా అదే మాట చెప్పి పంపేశారు. ఎవరి కాళ్లు పట్టుకోవాలో కూడా తెలియక నేను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఆ సాయంత్రం ఇంకో ఆసుపత్రిలో ఒక డాక్టర్ ఒప్పుకున్నాడు. "ఎవరికి చేసినా మా జాగ్రత్తలు మాకుంటయి. దీనికి ఆపుడెందుకు?" అన్నాడు. మర్నాడే ఆపరేషన్ చేశాడు.

తర్వాత మంచం పక్కన నిలబడి మాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఈ వైరస్ ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా లివర్‌ను తింటుందట. ఎముకకు కావలసిన డి విటమిన్‌ను ఒంటికి పనికొచ్చేలా మార్చే పని లివర్‌దే. అది దెబ్బతిన్నవాళ్లకు, అందులోనూ వయసు మళ్లినవాళ్లకు, ఎముకలు తొందరగా గుల్లబారతాయట. "ఒక్క దీనివల్లనే అని చెప్పలేను. వయసు గూడ ఉంది. కానీ ఇది తోడైంది" అని, అమ్మను అడిగాడు. "ఇది రక్తంతోని అంటుకుంటది, ఎనుకట ఎక్కించే రక్తానికి ఈ పరీక్ష లేకుండె. ఎప్పుడన్న రక్తం ఎక్కించిండ్రా అమ్మా?"

"యాదికి లేదు సార్."

"యాదికి లేకపోవుడేంది?" అన్నాడు నాయన. "బిడ్డ పుట్టినప్పుడు ఎక్కించిండ్రు గద! నువ్వు బతకవనే అన్నరు."

"నువ్వు జర నోరు మూసుకో!" అంది అమ్మ. నా వైపు మాత్రం చూడలేదు.

వాళ్లకు నేనొక్కదాన్నే బిడ్డను.

డాక్టర్ వెళ్లాక, "నన్ను కన్నందుకేనా అమ్మా?" అన్నాను.

"గట్ల అనకు బిడ్డా. ఏ సూదితోని వచ్చిందో ఎవరికెరుక?" అంటూ నా చెయ్యి నిమిరింది. అంత నొప్పిలోనూ ఓదార్చింది తనే.

అమ్మను మా ఇంటికే తెచ్చుకున్నాను. కొన్ని నెలలు మాత్రలు వాడాక, రక్తంలో వైరస్ లేదని రిపోర్టు వచ్చింది. ఆ రోజు అమ్మ ఆశగా అడిగింది. "పురుగు పోయింది గద సార్, ఇగ నా బొక్కలు గట్టిపడ్తయా?"

డాక్టర్ రిపోర్టు మడిచి పక్కన పెట్టాడు. "ఇంక పాడుగాకుండ మందులిస్తనమ్మా. మునుపటి లెక్క అయితయని మాత్రం చెప్పలేను."

ఆ తర్వాత చలికాలంలో దగ్గు వస్తే, ఆ దగ్గుకే పక్కటెముక విరిగింది.

ఇప్పుడు పొద్దున లేవగానే "జర లేపు బిడ్డా" అని పిలుస్తుంది. వెళ్తాను. వీపు కింద చెయ్యి పెట్టాలంటే భయం, భుజం పట్టుకోవాలంటే భయం. ఎక్కడ పట్టుకుంటే ఏది విరుగుతుందో తెలియదు. ఆమె ఊపిరి బిగబడుతుంది. నేనూ బిగబట్టి, మెల్లగా లేపుతాను.