మనమా, మేమా

నేను నోరు మూసుకున్న సందర్భాలు రెండే. ఒకటి పుట్టకముందు, రెండోది, అదీ కాసేపే, అరవై తొమ్మిదిలో, దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద. ప్రత్యేక తెలంగాణ కావాలంటూ కుర్రాళ్ళు మా బస్సుకు అడ్డంగా కూర్చున్నారు. నాది తెనాలి. నోట్లోంచి ఒక్క "అండీ" జారితే దింపేస్తారని భయం.

పక్క సీట్లో ఉన్న నల్లగొండ తాత పొద్దుపోవడానికి అందరినీ ఒక లెక్క అడిగాడు. "పిట్టల గుంపు ఒంటిపిట్టతోని అన్నదంట: మనం, మనమంత ఇంకో గుంపు, మనల సగం, ఆ సగంల సగం, నువ్వు గలిస్తె నూరు. మరి గుంపుల ఎన్ని పిట్టలు?"

జవాబు ముప్పై ఆరని మా ఊళ్ళో గేదెలకు కూడా తెలుసు. కానీ లెక్క తప్పుగా అడిగితే నాకు ఒళ్ళంతా దురద.

"మనం అంటే ఆ ఒంటిపిట్ట కూడా ఉన్నట్టే కదండీ. మళ్ళీ దాన్ని కలపడమేమిటండీ?" అనేశాను.

రెండు "అండీ"లు జారాయి. ముందు సీట్లవాళ్ళు నా వైపు తిరిగారు.

"లేని షరతు వెడ్తున్నవ్," అన్నాడు తాత. "మా అయ్య గిట్లనే చెప్పిండు."

అంతలో ఉద్యమం కుర్రాడొకడు కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు.

"ఈయన చెప్పిందే కరెక్టు తాతా. మేము అనాలె. మనం అంటె ఈయన గూడ వచ్చె."

తాత నన్ను ఎగాదిగా చూశాడు.

"వస్తె ఏమాయెరా? కూసున్నడు గద."

ఈ జవాబు ఏ ఎక్కంలోనూ లేదు కాబోలు, కుర్రాడు తల వెనక్కి తీసుకున్నాడు. నన్నెవరూ దిగమనలేదు.