లేని చెట్ల మధ్య

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా మార్కాపురం గ్రంథాలయంలో చదువుకున్నాను. టౌనుకు పోయిన ప్రతిసారీ పని ముగించుకుని అక్కడి బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి. బత్తాయి సాగు మీద ఉన్న పుస్తకాలన్నీ చదివేశాను. చెట్టుకూ చెట్టుకూ ఎంత ఎడం ఉండాలో, ఎప్పుడు నీళ్ళు ఆపాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

హనుమంతునిపాడు దగ్గర మాకున్న మెట్టచేలో తోట వేయాలనుకున్నాను. బోరు బండి రాకముందే తాడు పట్టి వరసలు కొలిచి, మొక్క నాటాల్సిన చోటల్లా ఒక వేపపుల్ల పాతాను. బోరు వేయించాం. తెల్లటి దుమ్ము లేచింది తప్ప నీటి చుక్క పడలేదు.

బండి వెళ్ళిపోయింది. పుల్లలు మాత్రం నేను తీయలేదు. రోజూ సాయంత్రం పోయి, కొమ్మలు తగులుతాయేమో అన్నట్టు ఒదిగి ఒదిగి వాటి మధ్య నడిచేవాణ్ణి. మనసులో చెట్లు కాపుకు వచ్చాయి. చేను మాత్రం బీడుగానే ఉంది.

"ఏందయ్యా, తోటకు నీళ్ళు పెట్టొచ్చినావా?" అనేది నా భార్య, ఇంటికి రాగానే.

శ్రావణంలో మంచి వాన పడింది. ఆమె కంది విత్తనాలు తెప్పించి ట్రాక్టర్ మాట్లాడింది. పుల్లలుంటే విత్తడం కుదరదు.

"పొద్దున్నే ట్రాక్టర్ వస్తాది. ఈ పదును ఆరిపోతే ఈ ఏడు కూడా బీడే. పుల్లలు పీకుతావా, నన్ను పీకమంటావా?"

"ఈ ఒక్క ఏడాది ఉండనీ. ఇంకోచోట బోరు చూద్దాం."

ఆమె వాదించలేదు. తెల్లారి నాతోపాటు చేనికి వచ్చింది.

"నాకూ చూపియ్యి. ఇన్నాళ్ళూ నువ్వొక్కడివే తిరిగినావు కదా."

ఎగతాళి అనుకున్నాను. కాదు. కొంగు బిగించి నా పక్కనే వరస వెంట నడిచింది.

"ఇవి ముందు కాపుకొచ్చే చెట్లు. ఆడ లారీ ఆగుతాది. ఈడ పందిరి. కింద నా కుర్చీ, పుస్తకాలు."

చెప్పిన ప్రతిచోటా ఆగి, తల ఎత్తి చూసింది.

"బాగుంది. మరి నేనేడున్నా?"

వెతికాను. లారీవాడున్నాడు. కాయలు బేరమాడే షావుకారున్నాడు. నన్ను సలహా అడగడానికి వచ్చిన రైతులున్నారు. ఆమె ఎక్కడా లేదు.

ఆమెకు అర్థమైంది. కోపం తెచ్చుకోలేదు. "పోనీలే, ఆడన్నా నాకు పని తప్పింది," అని నవ్వి, "ఇంత తోట పెట్టినావు, నీకు అన్నం ఎవురు తెస్తారయ్యా?" అంటూ దగ్గరున్న పుల్ల మీదికి వంగింది.

ఆమె చేయి ఆపి ఆ పుల్ల నేనే పీకాను. తర్వాత ఆమె ఒక వరస, నేను ఒక వరస. ట్రాక్టర్ వచ్చేసరికి చేను ఖాళీ అయింది.

ఆ ఏడు పురుగు పడి కంది సగమే చేతికొచ్చింది. పచ్చికాయలు ఉప్పేసి ఉడకబెట్టుకుని, గట్టు మీద కూర్చుని ఇద్దరం వలుచుకు తిన్నాం. పురుగున్న కాయ తగిలితే పక్కకు విసిరేసి, మంచి గింజలు నా చేతిలో పోసేది.