ఎటైనా తిరిగే ఇంజను

సొన్నప్పది బెంగళూరు బళేపేటలో లేతు పని. స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు తాకించి, పిడిని చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు.

"నేను పిలిస్తే వినపడదు. ఇనుము దగ్గితే వినపడతాది" అనేది భార్య మునిలక్ష్మి.

1974లో ఆనేకల్ దగ్గర భాగీరథమ్మ తోటకు బావి మోటారు బాగుచేయబోయి, కొట్టంలో దుమ్ము కప్పుకుని నిద్రపోతున్న ట్రాక్టరును చూశాడు. ఆమె మామ యాభై ఏళ్ల కిందట తెప్పించిన జర్మనీ బండి. ఒకే ఒక్క సిలిండరు. బ్యాటరీ లేదు. ముక్కున ఉన్న ఇనుప బుడ్డిని బ్లోల్యాంపుతో ఎర్రగా కాలిస్తే ఆ వేడికే నూనె మండుతుంది. స్టీరింగును ఊడదీసి, దాన్నే హ్యాండిలుగా పక్కనున్న బరువైన చక్రానికి తగిలించి ఊపాలి.

"ఆయుధపూజకు నడిస్తే ఉండనీ. లేకుంటే గుజరీకి, పాత ఇనుము కింద ఇచ్చేస్తా" అంది భాగీరథమ్మ.

ఆరు ఆదివారాలు సొన్నప్ప బస్సెక్కి వెళ్లాడు. పిస్టను రింగులు తన లేతు మీదే తీశాడు. ఆ పక్క చక్రం ఎటు తిరుగుతోందో కంటికి తెలియాలని దాని మీద సుద్దతో గీత గీశాడు.

పూజనాడు పాత ఇనుము కొనే వెంకటేశప్ప లారీతో సిద్ధంగా ఉన్నాడు. భాగీరథమ్మ తెల్లవారుజామునే బండినంతా కడిగి, చక్రం నిండా విభూతి పూసింది. సుద్దగీత కొట్టుకుపోయింది. ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. సొన్నప్ప బుడ్డిని కాల్చి, చక్రాన్ని ఊపాడు. బండి వణుకుతూ లేచి, పొగ సున్నాలు చుట్టింది. స్టీరింగును మళ్లీ బిగించి, ఎక్కి క్లచ్చు వదిలాడు.

బండి వెనక్కి నడిచి గడ్డివామిలో దూరింది.

"నిమ్మకాయ తొక్కలేదు. దేవుడే వద్దంటాండాడప్పా" అంది భాగీరథమ్మ మెల్లగా. వెంకటేశప్ప తాడు విప్పాడు.

"దేవుడు కాదమ్మా, నా తప్పు. దీనికి రివర్సు గేరు లేదు. ఇంజనే ఎటైనా తిరుగుతాది. ఎటు లేచిందో నేను చూసుకోలేదు."

"అయితే ఆపు."

"ఆపితే మళ్లీ లేస్తుందో లేదో. ఆపకుండానే తిప్పుతా."

క్లచ్చు తొక్కి నూనె తగ్గించాడు. చప్పుళ్ల మధ్య ఎడం పెరిగింది. ముసలివాడి నిద్రలో శ్వాసలా ఒకటి, చాలాసేపటికి ఇంకొకటి. చక్రం పైకెక్కలేక, దిగలేక, గాలిలో ఆగినట్టయింది. సొన్నప్ప కళ్లు మూసుకుని విన్నాడు. ఆ క్షణాన నూనె లివరు లాగాడు. చక్రం వచ్చిన దారినే వెనక్కి జారింది. ఢబ్. మళ్లీ ఢబ్.

ఈసారి బండి ముందుకు వచ్చింది. నిమ్మకాయలు చిట్లాయి.

"దీని తూకమే చూసినాను, ప్రాణం ఉండాదని ఎవురు చెప్పిరి?" వెంకటేశప్ప నవ్వుతూ తాడు చుట్టుకున్నాడు.

"రాగులు తొక్కించేకి ఎప్పుడొస్తావప్పా?" అడిగింది భాగీరథమ్మ. "ముందు ఆపి దిగు. అన్నం చల్లారిపోతాది."

"ఇంకొక చుట్టు పోనీమ్మా" అన్నాడు సొన్నప్ప, మామిడిచెట్ల వైపు తిప్పుతూ.