నస్రీన్ ఎడమవైపు

మా చిన్నతనంలో, ఒమన్ దేశంలోని సీబ్‌లో ఉన్నప్పుడు, సాయంత్రం నాలుగైతే చాలు... ఎక్కడ దాక్కుందామా అని చూసేదాన్ని. అది హాకీ ప్రాక్టీసు టైము.

డెబ్భైల చివరి రోజులు. మాది నర్సాపురం వైపు. అమ్మ సీబ్‌లో ఆస్పత్రి నర్సు. స్కూల్లో ఆడపిల్లల హాకీ టీమ్ పెట్టారు. నేను సరిగా పరిగెత్తలేనని పీటీ సార్ నన్ను గోల్‌కీపర్ల వరసలో నిలబెట్టారు. ఆ వరసలో ఇద్దరమే... నేనూ, నస్రీనూ.

నస్రీన్ వాళ్లది కరీంనగర్. వాళ్ల అబ్బా, అంటే నాన్న, కంపెనీ లారీ నడిపేవారు. మా క్లాసులో నాతో తెలుగు మాట్లాడే పిల్ల అదొక్కతే.

గ్రౌండంటే గడ్డి కాదు... గులకరాళ్లు ఏరేసిన గట్టి నేల. ఏరగా మిగిలిన రాయి ఒక్కటి తగిలినా బంతి ఎటు లేస్తుందో తెలిసేది కాదు. కాళ్లకి బరువైన ప్యాడ్లుండేవి. మొహానికి మాత్రం ఏమీ లేదు.

సార్ నోటుబుక్కు పట్టుకుని వారం రోజులు మా ఇద్దర్నీ చూశారు. ఎన్ని బంతులు ఆపామో రాసుకునేవారు కాదు. బంతి రాకముందు పాదాలెలా ఉన్నాయి, ఒంటి బరువు ముందుకుందా వెనక్కుందా, ఒక గోల్ పోయాక ఎంతసేపటికి సర్దుకుంటున్నాం... ఇవీ ఆయన లెక్కలు. "అనుకోకుండా కాలికి తగిలి ఆగినదానికి మార్కు లేదు" అనేవారు హిందీలో.

నా పేరు కింద మొదటిరోజే రాసేశారు... 'కళ్లు మూసుకుంటోంది' అని. నిజమే మరి.

నస్రీన్ మాత్రం మోకాళ్లు వంచి, ఉట్టి కింద పిల్లిలా నిలబడేది. శుక్రవారం వేరే స్కూలుతో మ్యాచ్‌కి అదే కీపరని అందరికీ తెలుసు. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

బుధవారం సార్ ఆ నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. "ఇవాళ నువ్వు చూసి రాయి. అవతలివాళ్ల ఆట చూస్తే నీ తప్పు నీకే తెలుస్తుంది."

గోల్ పక్కన బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాను. కాసేపటికి ఒకటి గమనించాను. కుడివైపు బంతొస్తే నస్రీన్ కళ్లు మాత్రమే అటు కదిలేవి. ఎడమవైపు వస్తే తల మొత్తం తిప్పేది, అదీ ఆలస్యంగా. ఒక బంతి లేచి దాని ఎడమ చెవి పక్కనుంచే పోయింది. అది కదల్లేదు. చూసినవాళ్లు ఎంత ధైర్యమో అనుకున్నారు... ధైర్యం కాదు, అది బంతిని చూడలేదు.

ప్యాడ్లు విప్పుతుంటే అడిగాను, "నీకు ఎడమపక్క కనబడదా?"

తలెత్తకుండా పట్టీలు లాగుతూనే చిన్నగా అంది, "ఎవ్వరికి చెప్పకే. అబ్బాకు తెలిస్తే నన్ను నానమ్మ దగ్గరికి తోలేస్తడు. అక్కడ బడి ఉండదు నాకు."

నోటుబుక్కులో 'అంతా బాగుంది' అని రాసి ఇచ్చేశాను.

ఆ రెండు రోజులూ ఎవరికీ చెప్పలేదు. చెబితే నస్రీన్ వెళ్లిపోతుందని ఒక భయం. చెబితే గోల్ ముందు నేను నిలబడాలని ఇంకో భయం. ఇప్పుడు దాచడమెందుకు... నా నోరు ఎక్కువగా నొక్కింది ఆ రెండోదే.

శుక్రవారం అవతలి టీమ్‌లో ఒక పొడుగాటి అమ్మాయి ఊరికే కొట్టి చూసుకుంటోంది. బంతి గాల్లో లేచి గోల్ స్తంభానికి తగిలి ఫట్‌మంది... సరిగ్గా నస్రీన్ మొహమంత ఎత్తులో. నస్రీన్ అప్పటికే ప్యాడ్లు కట్టేసుకుంది.

సార్ దగ్గరికి వెళ్లాను. "సార్, నేను అబద్ధం రాశాను. దానికి ఎడమ కన్ను కనబడదు."

సార్ నస్రీన్‌ని పిలిచి, కుడి కన్ను అరచేత్తో మూసి, రెండో చెయ్యి దాని ముందు పెట్టారు. "ఎన్ని వేళ్లు?"

"రెండు" అంది నస్రీన్.

సార్ పెట్టింది పిడికిలి.

నస్రీన్ నా వైపు ఒక్కసారి చూసింది. అంతే. సార్ దాని ప్యాడ్లు విప్పి నా కాళ్లకి కట్టారు. లోపల దాని చెమట ఇంకా వెచ్చగానే ఉంది.

నాలుగు గోల్స్ పోయాయి. ఒక బంతి నా భుజానికి తగిలి, వారం పాటు చెయ్యి పైకి లేవలేదు. కానీ ఆ రోజు కళ్లు మూయలేదు. ధైర్యమొచ్చి కాదు... మూస్తే నస్రీన్ చూపే కనబడేది.

సంగతి విని అమ్మే వాళ్ల అబ్బాతో మాట్లాడి నస్రీన్‌ని కంటి డాక్టరుకి చూపించింది. ఆ కన్ను చిన్నప్పటినుంచే పనిచెయ్యట్లేదట. "ఆ రెండో కంటికి తగిలుంటే ఏమయ్యేదే? నువ్వు చేసింది తప్పు కాదమ్మా" అంది అమ్మ.

వాళ్ల అబ్బా నస్రీన్‌ని ఒక్కమాట కూడా అనలేదు. కానీ వేసవి సెలవులకి ఇండియా తీసుకెళ్లి, ఆయనొక్కరే తిరిగొచ్చారు. కన్ను వల్లేనా, ఇంకేదైనానా... అడిగే ధైర్యం లేకపోయింది. వెళ్లేదాకా అది నాతో మాట్లాడలేదు.

ఇప్పటి పిల్లలకి మొహానికి హెల్మెట్లు, స్కూల్లో చేరగానే కంటి పరీక్షలు... మంచిదే. అప్పట్లో ఒక పిల్లకి కనబడట్లేదని ఇంకో పిల్ల చెప్పాల్సొచ్చేది... పన్నెండేళ్ల ప్రాణానికి అది చాలా బరువు.

మీలో ఎవరైనా చిన్నప్పుడిలా స్నేహితుల రహస్యం బయటపెట్టారా? తర్వాత వాళ్లు మీతో మాట్లాడారా... ఉంటే కింద రాయండి. నాకు తెలుసుకోవాలనుంది.